ధర పెరిగితే ఎవరి కుర్చీ కదులుతుంది?

ఎమర్జెన్సీ ప్రస్తావన వస్తే పాత తరం వారు ఇప్పటికీ ఒక మాట అంటుంటారు: "ఏమైతేనేం, ధరలు దిగాయి, రైళ్లు వేళకు నడిచాయి." రైళ్ల సంగతి అలా ఉంచితే, ధరల విషయంలో తేదీలు ఈ మాటకు సాక్ష్యం చెప్పవు. టోకు ధరల ద్రవ్యోల్బణం 30 శాతం దాటి శిఖరానికి చేరింది 1974 సెప్టెంబరులో. అక్కడి నుంచి దిగడం మొదలైంది. ఎమర్జెన్సీ వచ్చింది 1975 జూన్‌లో. మధ్యలో తొమ్మిది నెలలున్నాయి. ధరల నడుం విరిచినవి 1974 జూలై నాటి ఆర్డినెన్సులు. ఉద్యోగికి పెరిగిన జీతం మొత్తాన్ని, పెరిగిన కరవు భత్యంలో సగాన్ని చేతికివ్వకుండా నిర్బంధ డిపాజిట్‌గా పట్టి ఉంచారు. కంపెనీలు పంచే డివిడెండ్లకు పరిమితి పెట్టారు. రిజర్వు బ్యాంకు తన బ్యాంకు రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 7 నుంచి 9 శాతానికి పెంచింది. ఆ పైన 1975లో వానలు కలిసొచ్చి, ఆ పంట ఏడాది ఆహార ధాన్యాల దిగుబడి 12 కోట్ల టన్నులు దాటింది. ఇన్ని జరిగాక దిగిన ధరల ఘనత మాత్రం అర్ధరాత్రి సంతకం పెట్టిన ఒక ఉత్తర్వు ఖాతాలో జమైంది.

వర్ధమాన దేశాల్లో ధరలు మండినప్పుడల్లా ఇలాంటి మాటే పుడుతుంది: గట్టి పాలకుడుంటే తప్ప ఇవి దారికి రావు. దీని వెనుక ఒక తర్కం లేకపోలేదు. ద్రవ్యోల్బణాన్ని దించాలంటే వడ్డీ పెంచాలి, ఖర్చు కోయాలి, పన్ను వేయాలి. మూడూ జనానికి కిట్టనివే. ఓట్ల భయం లేనివాడే చేయగలడని లెక్క. కానీ ఓట్ల భయం లేనివాడు ఆ మూడూ ఎందుకు చేయాలి అన్న ప్రశ్నకు ఈ తర్కంలో జవాబు లేదు.

జింబాబ్వేలో అధ్యక్షుడు రాబర్ట్ ముగాబేకు అడ్డు చెప్పగలిగినవాళ్లు దాదాపు లేరు. 2007 జూన్‌లో దుకాణాల్లో ధరలన్నీ సగానికి తగ్గించాలని ఆయన ప్రభుత్వం ఆదేశించింది, వినని వ్యాపారులను వేల సంఖ్యలో అరెస్టు చేసింది. వారాల్లోనే అల్మరాలు ఖాళీ అయ్యాయి. అధికారిక లెక్క ప్రకారమే 2008 జూలై నాటికి ద్రవ్యోల్బణం 23 కోట్ల శాతం దాటింది. 2009 జనవరిలో అచ్చయిన అతి పెద్ద నోటు మన లెక్కలో కోటి కోట్ల డాలర్లు. అంతకన్నా గట్టి చేయి ఇంకెక్కడ దొరుకుతుంది?

చిలీని ఎదురు ఉదాహరణగా చూపేవారున్నారు. 1973లో సైనిక కుట్రతో పినోచెట్ గద్దెనెక్కేనాటికి అక్కడ ధరలు ఏడాదికి 500 శాతం పైగా పెరుగుతున్నాయి. పార్లమెంటు లేదు, స్వేచ్ఛగా మాట్లాడగల కార్మిక సంఘాలు లేవు, పత్రికలు లేవు. అయినా మూడేళ్ల తర్వాత కూడా ద్రవ్యోల్బణం 150 శాతం పైనే ఉంది. 1982 సంక్షోభంలో పనిచేయగలిగిన ప్రతి అయిదుగురిలో ఒకరికి పని లేకుండా పోయింది. చిలీలో ద్రవ్యోల్బణం నికరంగా ఒక అంకెలోకి దిగింది 1990ల మధ్యలో, ఎన్నికైన ప్రభుత్వాల కాలంలో. నిజానికి పినోచెట్ ప్రభుత్వం దిగిపోతూ 1989లో చేసిన ఒక పని దీనికి దోహదపడింది. అది మన రిజర్వు బ్యాంకు లాంటి అక్కడి కేంద్ర బ్యాంకుకు స్వయంప్రతిపత్తి ఇస్తూ చట్టం చేసింది. తన తర్వాత వచ్చే పాలకుల చేతుల్లో నోట్ల యంత్రం ఉండకూడదని నియంతకు అనిపించిందన్నమాట. తన చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ పని చేయలేదు.

కాబట్టి ప్రజాస్వామ్యమా, నియంతృత్వమా అన్న ప్రశ్నతో ఎక్కువ దూరం పోలేం. పనికొచ్చే ప్రశ్న మరొకటి ఉంది. ధరలు పెరిగినప్పుడు ఎవరి కుర్చీ కదులుతుంది? దేశాన్ని ఏలుతున్నవాడిదా, నోట్లు అచ్చువేయనని మొండికేసిన బ్యాంకు అధిపతిదా?

నోట్ల మాట ముందుగా ఎందుకంటే, పేద దేశపు ప్రభుత్వానికి పన్ను వసూలు చేయడం కన్నా నోటు వేసుకోవడం సులభం. రైతు కూలీకి, తోపుడు బండికి, చిన్న కొట్టుకు జమాఖర్చుల పుస్తకం ఉండదు. ఉన్న పెద్దవాళ్లు పన్ను తప్పించుకునే దారి వెతుక్కుంటారు. ఇంకా మిగిలేది కేంద్ర బ్యాంకు ఖజానా. అక్కడ తీసుకున్న అప్పు ధరల రూపంలో అందరి జేబులోంచీ వసూలవుతుంది, ఏ చట్టసభలోనూ చర్చకు రాదు.

ఇది ఎలా జరుగుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. 1950ల మధ్యలో మన కేంద్ర ప్రభుత్వానికీ రిజర్వు బ్యాంకుకూ మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. ప్రభుత్వ ఖాతాలో శుక్రవారం నాటికి కనీసం 50 కోట్ల రూపాయలు నిల్వ ఉండాలి. తగ్గితే, తగ్గిన మేరకు ప్రభుత్వం రిజర్వు బ్యాంకుకు రాసిచ్చే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు అనే అప్పు కాగితం దానంతట అదే పుడుతుంది, ఖాతా నిండుతుంది. 91 రోజుల కాగితం అది. గడువు తీరగానే మరో కాగితం. 1974 నుంచి దానిపై వడ్డీ 4.6 శాతం దగ్గరే ఆగిపోయింది. అప్పటి ద్రవ్యోల్బణంతో పోలిస్తే దాన్ని వడ్డీ అనడం మర్యాద కోసమే. పేరుకుపోయిన కాగితాలను కొన్నాళ్లకు ఎప్పుడు తీర్చాలో తేదీ లేని అప్పు పత్రాలుగా (సెక్యూరిటీలుగా) మార్చేశారు. తాత్కాలిక సర్దుబాటుగా మొదలైనది నాలుగు దశాబ్దాలు సాగింది. పంపు విప్పి ఉంచి, ఎంత నీళ్లు పోయాయో ఏడాది చివర చూసుకున్నట్టుగా ఉండేది వ్యవహారం.

ఆ పంపు కట్టేసిన తీరులో రాజకీయం ఉంది. 1991లో బంగారం తాకట్టు పెట్టుకున్న అవమానం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు, పి.వి. నరసింహారావు ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్, రిజర్వు బ్యాంకు గవర్నరు సి. రంగరాజన్ 1994 సెప్టెంబరులో ఒప్పందానికి వచ్చారు. మూడేళ్లలో అడ్‌హాక్ బిల్లులు ఆగిపోవాలి. ఆ మూడేళ్లలో ఒక సాధారణ ఎన్నిక జరిగింది, కాంగ్రెస్ ఓడింది, 13 రోజుల ప్రభుత్వం ఒకటి వచ్చి పోయింది, సంకీర్ణం గద్దెనెక్కింది. కొత్తవాళ్లు ఆ ఒప్పందాన్ని చింపేసి ఉండవచ్చు, ఎవరూ వీధుల్లోకి వచ్చి అడిగేవారు కాదు. అయినా 1997 ఏప్రిల్ 1 నుంచి బిల్లులు ఆగాయి. వాటి బదులు పరిమితి, గడువు ఉన్న చేబదులు పద్ధతి వచ్చింది. రంగరాజన్ అదే ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాద్ వచ్చారు. రెండు పదవులకూ తెలుగులో ఒకే పేరు ఉండటం వల్ల అప్పట్లో పత్రికల పాఠకులు కాస్త తికమకపడే ఉంటారు.

నలభై ఏళ్లు పంపు తెరిచి ఉన్నా మన దేశంలో లాటిన్ అమెరికా తరహా విలయం ఎందుకు రాలేదన్నది అసలు విడ్డూరం. దీనికి జవాబు రిజర్వు బ్యాంకులో దొరకదు, హాస్టల్ మెస్సులో దొరుకుతుంది. 1973 డిసెంబరులో అహ్మదాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు మెస్ బిల్లు పెరిగిందని గొడవకు దిగారు. అది నవనిర్మాణ ఉద్యమమై, రెండు నెలలు తిరగకుండానే గుజరాత్ ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేశారు. 1980 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరా గాంధీ ప్రచారానికి ఉల్లిపాయ ఆయుధమైంది. 1998లో ఢిల్లీలో కిలో ఉల్లి 50 రూపాయలు దాటింది. ముఖ్యమంత్రిని మార్చి సుష్మా స్వరాజ్‌ను తెచ్చినా నవంబరు ఎన్నికల్లో భాజపా ఓటమి ఆగలేదు. 1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం వాగ్దానంతో గెలిచినప్పుడు కూడా ఆయన పలికింది ధర గురించే.

మన దగ్గర పది శాతం ద్రవ్యోల్బణం అంటే ప్రభుత్వానికి ముచ్చెమటలు పడతాయి. బ్రెజిల్‌లో ఒకప్పుడు అది నెలవారీ లెక్క. ఈ తేడా ఓర్పులో లేదు. ధరల దెబ్బ తగిలేవాడి చేతిలో ఓటు ఉందా లేదా అన్నదాంట్లో ఉంది. 1964లో అధికారం చేజిక్కించుకున్న బ్రెజిల్ సైనిక ప్రభుత్వం ధరలకు అనుగుణంగా బాండ్లు, అద్దెలు, జీతాలు పెంచే సూచీ పద్ధతి పెట్టింది. బ్యాంకు ఖాతా ఉన్నవాడి డబ్బు రాత్రికి రాత్రి వడ్డీతో సర్దుకునేది. దెబ్బంతా చేతిలో నోటు తప్ప ఖాతా లేనివాడిది. అలాంటివాళ్లలో చాలామంది చదువు రానివాళ్లు. చదువు రానివాళ్లకు బ్రెజిల్‌లో 1985 దాకా ఓటు హక్కే లేదు. మన దేశంలో వేలిముద్ర వేసేవాళ్లు సైతం 1951-52 నుంచీ ఓటు వేస్తున్నారు. వాళ్లలో అత్యధికులకు కరవు భత్యం లేదు, సూచీ కట్టిన జీతం లేదు. ధర పెరిగితే తినేది తగ్గించుకోవాలి. వాళ్ల కోపమే మన దేశపు మొదటి ద్రవ్య విధానం అంటే అతిశయోక్తి కాదు.

అయితే కోపానికి భయపడటం వేరు, ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడం వేరు. భయపడిన పాలకుడికి ముందుగా కనబడేది అడ్డదారి. ఇది బ్రెజిల్‌లో కనిపించినంత నగ్నంగా మరెక్కడా కనిపించదు. సైన్యం తప్పుకున్నాక వచ్చిన జోసె సార్నే ప్రభుత్వం 1986 ఫిబ్రవరి చివరిరోజున క్రుజాడో ప్రణాళిక ప్రకటించి ధరలన్నిటినీ ఉన్నచోట ఆపేసింది. జనం సంబరపడ్డారు. గృహిణులు "నేను సార్నే తనిఖీదారును" అని బిళ్లలు పెట్టుకుని సూపర్ మార్కెట్లలో ధరల పట్టికలు సరిచూశారు. తేడా వస్తే నిలదీశారు. ఏడాది మధ్యకు వచ్చేసరికి మాంసం మాయమైంది, పాలు దొరకలేదు. ఆ ధరకు పశువులను అమ్మలేమని ఆసాములు బీళ్లలోనే ఉంచేసుకుంటే, వాటిని పట్టుకురావడానికి పోలీసులను పంపారు. గట్టిగా ఉన్న ధరల చట్రం లోపల సరుకు లేదు. అయినా ప్రభుత్వం చట్రాన్ని కదపలేదు, ఎందుకంటే నవంబరు 15న ఎన్నికలు. పాలక పక్షం 23 రాష్ట్రాల్లో 22 గెలుచుకుంది. ఆరు రోజుల తర్వాత, నవంబరు 21న, ఇంధనం, కరెంటు, కార్లు, సిగరెట్ల ధరలు ఒక్కసారిగా పెంచుతూ రెండో క్రుజాడో ప్రణాళిక వచ్చింది. రాజధాని బ్రెజీలియాలో జనం వాహనాలు తగలబెట్టారు.

నవ్వుకునే ముందు మన పెట్రోలు బంకుల వైపు ఒకసారి చూడాలి. 2017 జూన్ నుంచి ధరలు రోజువారీగా మారాలన్నది నియమం. 2018లో కర్ణాటక పోలింగుకు ముందు దాదాపు మూడు వారాలు అవి కదల్లేదు. పోలింగు ముగిసిన రెండో రోజు నుంచి కదిలాయి. ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల ఎన్నికల కాలంలో, 2021 నవంబరు నుంచి 2022 మార్చి మూడో వారం వరకు, ముడిచమురు ఎంత ఎగిరినా బంకు దగ్గర అంకె మారలేదు. ఎన్నికల సంఘం ఆదేశించలేదు, ఏ ఉత్తర్వూ లేదు. అంకె మాత్రం మారలేదు.

ఆహారం విషయంలో మన అడ్డదారి ఎగుమతుల గేటు మూయడం. 2022 మేలో గోధుమలు, 2023 జూలైలో బాస్మతి కాని తెల్ల బియ్యం, ఆగస్టులో ఉల్లిపై 40 శాతం సుంకం, డిసెంబరులో ఉల్లి ఎగుమతి మీద నిషేధం. అదే 2023 జూలైలో టమాటా ధర నగరాల్లో మతి పోగొట్టింది. చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి చేరితే, అందులో కూరగాయల విభాగం ఒక్కటే 37 శాతం దాటింది. కేంద్ర సహకార సంస్థ మదనపల్లె మార్కెట్‌తో పాటు కర్ణాటక, మహారాష్ట్ర మండీల్లో టమాటా కొని, ఢిల్లీలో వ్యాన్లలో పెట్టి మొదట కిలో 90 రూపాయలకు, తర్వాత 80కి, 70కి అమ్మింది. ప్రభుత్వం ఇంత చురుగ్గా కదలడం చూస్తే ముచ్చటేస్తుంది. ధర పడిపోయి మదనపల్లెలో రైతు బుట్టలు రోడ్డు మీద కుమ్మరించిన రోజుల్లో ఢిల్లీ నుంచి ఏ వ్యానూ బయల్దేరిన జాడ లేదు. చిల్లర ధరల సూచీలో రైతు అమ్మిన ధరకు చోటు లేదు, కొన్నవాడు కట్టిన ధరకే ఉంది. అందుకే మన పద్ధతిలో ధరల అదుపుకయ్యే ఖర్చు తరచూ పొలం గట్టు మీద పడుతుంది.

గట్టు మీద ఉన్నవాడికీ ఓటుంది, కాకపోతే అది ఆలస్యంగా పలుకుతుంది. ఉల్లి నిషేధం 2024 మే 4న, లోక్‌సభ పోలింగు నడుమ ఎత్తేశారు. అప్పటికే మహారాష్ట్రలోని పెద్ద ఉల్లి మార్కెట్ లాసల్‌గావ్ చుట్టుపక్కల మండీల్లో మాట పెదవి దాటిపోయింది. నాసిక్, దిండోరీ స్థానాలు రెండూ పాలక కూటమి చేజారాయి. ఉల్లి తమను ఏడిపించిందని ఆ కూటమి నాయకులే ఒప్పుకున్నారు.

ఎన్నిక ఎప్పుడూ అడ్డదారికే తోస్తుందనుకుంటే, అదే బ్రెజిల్ ఎనిమిదేళ్ల తర్వాత తిరగేసి చూపింది. 1994లోనూ ఎన్నికల ఏడే. ఆర్థిక మంత్రి ఫెర్నాండో హెన్రిక్ కార్డోసో బృందం ఈసారి ఏ ధరనూ ఆపలేదు. మార్చిలో ఒక ఊహా కరెన్సీని లెక్కల్లోకి తెచ్చింది. దానికి నోటు లేదు, నాణెం లేదు. జీతాలు, ఒప్పందాలు ఆ లెక్కలో రాయించారు. అల్మరాలోని పాల ప్యాకెట్టు ధర పాత కరెన్సీలో రోజూ పెరుగుతూనే ఉంది, ఊహా లెక్కలో మాత్రం దాదాపు అక్కడే ఉంది. రెండు అంకెలు పక్కపక్కన చూస్తూ నాలుగు నెలలు గడిపాక, పెరుగుతున్నది పాల ధర కాదని, కుంగుతున్నది నోటని జనానికి కళ్లారా తెలిసింది. జూలై 1న ఊహా కరెన్సీయే రియాల్ అనే అసలు కరెన్సీగా మారింది. ఒక రియాల్‌కు 2,750 పాత క్రుజీరో రియాళ్లు. నెలకు 40 శాతం దాటిన పెరుగుదల కొద్ది నెలల్లోనే ఒక అంకెలోకి వచ్చింది. అక్టోబరులో కార్డోసో మొదటి విడతలోనే అధ్యక్షుడిగా గెలిచారు. ఖాతాలు లేని పేదలకు ఆ మేలు ముందుగా తెలిసింది, ఈసారి వాళ్ల చేతిలో ఓటు కూడా ఉంది.

ఇక బ్యాంకు అధిపతి కుర్చీ సంగతి. 1992లో అలెక్స్ చుకియర్‌మాన్, స్టీవెన్ వెబ్, బిలిన్ నెయాప్తి అనే ముగ్గురు ఆర్థికవేత్తలు కేంద్ర బ్యాంకుల స్వతంత్రతను కొలవాలని చూశారు. ధనిక దేశాల్లో చట్టంలో రాసిన స్వతంత్రతకూ తక్కువ ద్రవ్యోల్బణానికీ పొంతన కనిపించింది. వర్ధమాన దేశాల్లో కనిపించలేదు. అక్కడ చట్టం ఒకటి, నడత ఒకటి. గవర్నర్లను ఎంత తరచుగా మారుస్తున్నారో లెక్క కట్టినప్పుడు మాత్రం బొమ్మ స్పష్టమైంది. కుర్చీ ఎంత తొందరగా ఖాళీ అయితే ద్రవ్యోల్బణం అంత ఎక్కువ.

ఆ పరిశోధనకు బొమ్మ గీసినట్టుంటుంది టర్కీ కథ. 2001 సంక్షోభం తర్వాత అక్కడ కేంద్ర బ్యాంకుకు స్వతంత్రత ఇస్తూ చట్టం వచ్చింది, దశాబ్దాలుగా పీడించిన ద్రవ్యోల్బణం 2004లో ఒక అంకెకు దిగింది. 2018లో అధ్యక్ష పాలనా పద్ధతి వచ్చాక గవర్నరును తొలగించడం అధ్యక్షుడు ఎర్డోగాన్‌కు ఒక్క సంతకం పని అయింది. వడ్డీయే ద్రవ్యోల్బణానికి మూలమన్నది ఆయన సిద్ధాంతం. 2021 మార్చి 18న గవర్నరు నాజి అగ్బాల్ వడ్డీని 19 శాతానికి పెంచారు. రెండు రోజులకు ఆయన కుర్చీ పోయింది, వచ్చి అయిదు నెలలు కూడా కాలేదు. కొత్తాయన ఆ ఏడాది చివరికల్లా వడ్డీని 14కు దించారు, లీరా కుప్పకూలింది, 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. 2019 జూలై నుంచి 2024 ఫిబ్రవరి మధ్య ఆ కుర్చీలో ఆరుగురు కూర్చున్నారు. ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి దాచకూడదు: ఇంత జరిగినా 2023 మేలో ఎర్డోగాన్ గెలిచారు. కనీస వేతనం పెంచారు, లక్షల మందికి వయసుతో పని లేకుండా పింఛను అర్హత ఇచ్చారు, ఎన్నికల ముందు ఇళ్లకు ఒక నెల గ్యాసు ఉచితం చేశారు. అప్పటికి అధికారిక ద్రవ్యోల్బణం 40 శాతం దరిదాపులకు తగ్గింది కూడా. గెలిచాక ఆయనే మనుషులను మార్చి, వడ్డీని 50 శాతం దాకా పోనిచ్చారు. ఆ మందు మింగుతున్న కాలంలో వచ్చిన 2024 మార్చి స్థానిక ఎన్నికల్లో ఆయన పార్టీ రెండో స్థానానికి జారింది.

టర్కీ పక్కన పెరూను పెడితే స్థిరమైన ప్రభుత్వం ఉంటేనే ధరలు స్థిరంగా ఉంటాయన్న నమ్మకం కూడా కూలుతుంది. 2016 నుంచి 2022 చివరి వరకు పెరూకు ఆరుగురు అధ్యక్షులు. 2020 నవంబరులోనైతే దాదాపు వారం రోజుల్లో ముగ్గురు. అభిశంసనలు, జైళ్లు, వీధి పోరాటాలు. ఈ గందరగోళంలోనూ ఆ దేశపు కరెన్సీ సోల్ నిలబడింది, ప్రపంచమంతా ధరలు ఎగిరిన 2022లో ద్రవ్యోల్బణం 9 శాతం లోపే ఆగి, 2024కల్లా లక్ష్యమైన 1 నుంచి 3 శాతం మధ్యకు తిరిగొచ్చింది. 1990లో 7,000 శాతం దాటిన దేశమది. మార్పుకు కీలకం 1993 రాజ్యాంగంలోని 84వ అధికరణం: కేంద్ర బ్యాంకు ఖజానాకు అప్పు ఇవ్వరాదు. రాసిపెట్టడం మాత్రమే అయితే చుకియర్‌మాన్ బృందం చెప్పినట్టే గాల్లో కలిసిపోయేది. కానీ కుర్చీ కూడా కదల్లేదు. హూలియో వెలార్డె 2006లో ఆ బ్యాంకు అధిపతిగా వచ్చారు. ఆయనను మొదట నియమించింది ఎవరో చూడండి: అలన్ గార్సియా. 1985 నుంచి 1990 దాకా సాగిన తన మొదటి పాలనలో దేశాన్ని విలయంలోకి దింపిన ఆ గార్సియాయే, రెండోసారి గెలిచొచ్చి చేసిన మేలు ఇది. 2021లో గెలిచిన వామపక్ష అధ్యక్షుడు కాస్టియో కూడా వెలార్డెనే కొనసాగించారు. చేయి కాల్చుకున్న తరం పొయ్యి దగ్గరికి పిల్లల్ని పోనివ్వదు.

మన గవర్నర్ల కుర్చీ ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారులుగా పనిచేసిన వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు వరుసగా పదేళ్లు, 2003 నుంచి 2013 దాకా, ముంబయిలో ఆ కుర్చీలో ఉన్నారు. సుబ్బారావు 2010, 2011లో వడ్డీని పదమూడు సార్లు పెంచారు. 2012 అక్టోబరులో ఆయన వడ్డీ దించనప్పుడు, అభివృద్ధి దారిలో ప్రభుత్వం ఒంటరిగానైనా నడుస్తుందని ఆర్థిక మంత్రి చిదంబరం బాహాటంగా అన్నారు. మాట పడింది గానీ కుర్చీ పోలేదు, అయిదేళ్లూ పూర్తి చేసుకునే సుబ్బారావు వెళ్లారు. 2018 డిసెంబరులో ఉర్జిత్ పటేల్ మాత్రం వ్యక్తిగత కారణాలని చెప్పి గడువుకు ముందే తప్పుకున్నారు.

2016లో చట్టం మారాక వడ్డీ నిర్ణయం ఆరుగురు సభ్యుల కమిటీది. ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ రెండు. వరుసగా మూడు త్రైమాసికాలు గీత దాటితే ఎందుకు తప్పామో ప్రభుత్వానికి నివేదిక ఇవ్వాలి. 2022లో ఆ పరిస్థితి వచ్చింది, నవంబరులో నివేదిక వెళ్లింది. దాన్ని బయటపెట్టమని అడిగితే, బయటపెట్టాలని చట్టంలో లేదని ప్రభుత్వం పార్లమెంటుకు జవాబిచ్చింది. ధర కట్టేది జనం, సంజాయిషీ ఉత్తరం చదివేది ఆర్థిక శాఖ. జవాబుదారీతనం పేరుతో చేసిన ఏర్పాటులో ఇంత పెద్ద చిల్లు ఎలా మిగిలిందో ఆశ్చర్యమే.

ఉత్తరం దాచడం చిన్న తప్పే అనిపిస్తుంది అర్జెంటీనా చేసింది చూస్తే. 2007 జనవరిలో అక్కడి ప్రభుత్వం గణాంక సంస్థ ఇండెక్‌లో ధరల సూచీ చూసే గ్రసియెలా బెవక్వాను తప్పించి తన మనుషులను కూర్చోబెట్టింది. అప్పటి నుంచి కాగితం మీద ధరలు నెమ్మదించాయి, అంగడిలో నెమ్మదించలేదు. ప్రైవేటు ఆర్థిక సలహాదారులు సొంతంగా లెక్కలు కట్టి ప్రకటిస్తే 2011లో ఒక్కొక్కరికి 5 లక్షల పెసోల జరిమానా వేశారు. అప్పుడు ప్రతిపక్ష సభ్యులు ఒక ఉపాయం పన్నారు. సలహాదారులు తమ లెక్కలను గుట్టుగా పార్లమెంటు సభ్యులకు అందించేవారు. సభ్యులు వాటి సగటు తీసి ప్రతి నెలా "కాంగ్రెస్ సూచీ" పేరుతో చదివేవారు (అక్కడ పార్లమెంటును కాంగ్రెస్ అంటారు). సభ్యుడి మాటకు రాజ్యాంగ రక్షణ ఉంది, జరిమానా వేయలేరు. ఒక దేశంలో టమాటా ధర చెప్పడానికి పార్లమెంటు రక్షణ అవసరమైందంటే, ద్రవ్యోల్బణం ఎంతవరకు రాజకీయ వ్యవహారమో వేరే చెప్పనక్కర్లేదు. చివరికి 2013 ఫిబ్రవరిలో ఆ లెక్కలు సరిగా లేవని అంతర్జాతీయ ద్రవ్య నిధి బహిరంగంగా తప్పుబట్టింది.

పొరుగున శ్రీలంకలో ఈ పోగులన్నీ ఒకే ముడిలో కనిపిస్తాయి. 2019 నవంబరులో గెలిచిన గొటబాయ రాజపక్స వెంటనే వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి కోశారు. 2020లో పార్లమెంటులో మూడింట రెండు వంతుల బలం, ఆ తర్వాత అధ్యక్షుడి అధికారాలు పెంచే 20వ రాజ్యాంగ సవరణ. ఖజానా వట్టిపోతే కేంద్ర బ్యాంకు పూడ్చింది. 2021 సెప్టెంబరులో, అప్పటిదాకా సహాయ మంత్రిగా ఉన్న అజిత్ నివార్డ్ కబ్రాల్‌ను గవర్నరుగా కూర్చోబెట్టారు. కాదనేవాడు ఎక్కడా మిగల్లేదు. 2022 ఏప్రిల్లో, వీధులు నిండిపోయాక, కబ్రాల్ వెళ్లారు. నందలాల్ వీరసింఘె వచ్చి ఏప్రిల్ 8న వడ్డీని ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచారు. జూలైలో గొటబాయ దేశం విడిచి పారిపోయారు. కొలంబో ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 2022 సెప్టెంబరులో దాదాపు 70 శాతానికి చేరి, ఏడాది తిరిగేసరికి 1.3కు దిగింది. కేంద్ర బ్యాంకు ఖజానాకు నేరుగా అప్పు ఇవ్వకుండా 2023లో కొత్త చట్టం చేశారు.

గొటబాయ తర్వాత అధ్యక్షుడై ఈ దిగుడుకు అధ్యక్షత వహించిన రణిల్ విక్రమసింఘె 2024 సెప్టెంబరు 21న ఓటర్ల ముందు నిలబడ్డారు. ఆ నెలలో కొలంబో ద్రవ్యోల్బణం సున్నాకు కూడా దిగువన ఉంది. ఆయనకు వచ్చినవి 17 శాతం ఓట్లు, మూడో స్థానం. కార్డోసోకు దక్కినది ఆయనకెందుకు దక్కలేదంటే, శ్రీలంకలో మందు చేదు కూడా ఇంటింటికీ వచ్చింది: కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెరిగాయి, వ్యాట్ 18 శాతమైంది. ద్రవ్యోల్బణం దిగడమంటే ధరలు వెనక్కి రావడం కాదు, పెరగడం ఆగడమే. బియ్యం, గుడ్లు, కరెంటు బిల్లు 2019 నాటి అంకెకు తిరిగి రాలేదు, ఓటరు ఆ అంకెతోనే లెక్క చూసుకున్నాడు. ఆ ఎన్నికలో గెలిచిన వామపక్ష నాయకుడు అనుర కుమార దిసనాయకె మంత్రులందరినీ మార్చారు. కేంద్ర బ్యాంకులో వీరసింఘెను మాత్రం అదే కుర్చీలో ఉండనిచ్చారు.